బనానా ఏ గణం?

పద్నాలుగేళ్లుగా డెవలపర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆ మాటే నేను తప్పుగా పలుకుతున్నానని మొన్న మా తొమ్మిదేళ్ల అమ్మాయి చెప్పేదాకా తెలీదు. ఇంట్లోంచి మీటింగులో మాట్లాడుతుంటే వెనక సోఫాలో ఒకటే కిసకిసలు. "నాన్నా, 'డె' మీద కాదు, 'వె' మీద బరువెయ్యాలి!"

జడకున్న రబ్బరు బ్యాండు తీసి రెండు వేళ్లకు తగిలించింది. 'డి' దగ్గర ఊరుకుంది, 'వె' దగ్గర సాగదీసింది, 'లప్' దగ్గర వదిలేసింది. ఫొటోగ్రాఫ్‌లో సాగేది 'ఫో'. ఫొటోగ్రాఫర్‌లో 'టో'. ఫొటోగ్రాఫిక్‌కి వచ్చేసరికి 'గ్రా'. రికార్డ్ నామవాచకమైతే ముందు, క్రియైతే వెనక. ఊళ్లో ఇంగ్లీషు మీడియంలోనే చదివాను, ఇంగ్లీషు మాటలో ఒక ముక్కని (సిలబుల్‌ని) మిగతావాటికన్నా నొక్కి పలకాలని, దాన్నే స్ట్రెస్ అంటారని ఒక్క మాస్టారూ చెప్పలేదు.

సాగదీయడం తేలికే, మిగతావాటిని మింగడమే నా వల్ల కాదు. తెలుగువాడు ఏ అక్షరానికీ అన్యాయం చెయ్యడు కదా. కంఫర్టబుల్‌ని నేను నాలుగు ముక్కలుగా నిండుగా పలుకుతాను. మా అమ్మాయి మూడే ముక్కల్లో ముగించేస్తుంది, అదీ మొదటిది తప్ప తక్కినవి గాలికొదిలేసి.

వీడియో కాల్లో ఇదంతా విని తెనాలిలో మా నాన్న, రిటైరైన తెలుగు పండితుడు, హుషారెక్కిపోయి మనవరాలితో అన్నాడు: "ఓస్, ఇంతేనా! మీ నాన్న 'బనానా' అంటే యగణం. నువ్వు 'బనాన' అంటున్నావు, జగణం." ఆ పూటంతా గణాలు గుర్తుంచుకునే యమాతారాజభానసలగం పాడించాడు. నిజానికి రెండూ ఒకటి కావు. మన ఛందస్సులో గురువు అంటే పలికే కాలానికి కొలత, రాత చూసి పట్టేయొచ్చు. ఇంగ్లీషు బరువులో నిడివితో పాటు గొంతు తీవ్రత, స్వరం ఎత్తు కూడా కలుస్తాయి. ఎక్కడ పడుతుందో తేలకపోతే నిఘంటువులో ఆ ముక్కకి ముందుండే చిన్న గీతే దిక్కు. అయినా ఆయన్ని ఆపే ధైర్యం నాకు లేదు.

ఆపకపోవడమే మంచిదైంది. అమ్మాయి తెలుగు ఎందుకలా ఉంటుందో అప్పుడు అర్థమైంది. ఇంగ్లీషు పలికే అలవాటుతో అన్నాన్ని 'అనం' చేస్తుంది, ఒత్తులన్నీ తినేస్తుంది. ఆ ఆదివారం కిటికీలోంచి చూపిస్తూ తాతయ్యతో అంది: "తాతయ్యా, ఆకాశంలో పెద్ద గద ఎగురుతోంది!"

"భీముడు విసిరాడేమోనమ్మా," అన్నాడాయన. "ఏదీ, ఆ రబ్బరు బ్యాండు తియ్యి. 'ద' దగ్గర ఒకసారి గట్టిగా లాగి చెప్పు."