బ్యాటరీ కొనే ముందు ఈ రిపోర్ట్ చూడండి

మా చెల్లి బీటెక్ నాటి ల్యాప్‌టాప్ 40 శాతం చార్జ్ ఉండగానే టపీమని ఆగిపోతోంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక షాపతను విప్పి చూడకుండానే మదర్‌బోర్డ్ పోయిందన్నాడు. నాకు నమ్మకం కలగలేదు.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే చార్జ్), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పడుతున్న చార్జ్) పోల్చి చూడాలి. మాకు మొదటిది 41,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 15,000 కూడా లేదు. అరిగిపోయింది బ్యాటరీయే! లిథియం అయాన్ సెల్స్ చాలావరకు 300 నుంచి 500 చార్జ్ సైకిల్స్ (ఒక నిండు చార్జ్ మొత్తం వాడితే ఒక సైకిల్) దాటాక నీరసిస్తాయి. పాత సెల్ మీద లోడ్ పడగానే వోల్టేజ్ దిగిపోతుంది. తెర మీద శాతం ఎంతున్నా సిస్టమ్ ఆగిపోయేది అందుకే.

వేడి బ్యాటరీకి పెద్ద శత్రువు. మన మే నెల ఎండల్లో పరుపు మీద పెట్టి వాడకండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, వాడటం వెంటనే ఆపేయండి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. పిల్లలున్న ఇంట్లో అయితే మరీ జాగ్రత్త.

కొనడానికి వెళ్లేటప్పుడు పాత బ్యాటరీ మీదున్న పార్ట్ నంబర్, వోల్టేజ్ ఫోటో తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్ మోడల్ ఒకటే అయినా లోపలి బ్యాటరీ వేరుగా ఉండొచ్చు. పాతదాన్ని చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.