ఆర్వీ బ్యాటరీలు ఎన్ని నీళ్ళు తాగుతున్నాయో చూస్తున్నారా?

ఆర్వీ, అంటే మోటార్‌హోమ్ కొన్న మా ఫ్రెండ్స్ ఎవరు ఫోన్ చేసినా టైర్లు, మైలేజ్, ఎక్కడ పార్క్ చేయాలి, ఇవే అడుగుతారు. హౌస్ బ్యాటరీల గురించి మాత్రం అవి చచ్చాకే అడుగుతారు. సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి పనిచేసే బ్యాటరీల్ని రెండేళ్ళకే పారేస్తుంటే చూడలేక ఈ పోస్ట్ రాస్తున్నా.

ఇంజిన్ స్టార్ట్ చేసే ఛాసీ బ్యాటరీ సంగతి పక్కన పెట్టండి. లైట్లు, వాటర్ పంపు, ఫర్నేస్ ఫ్యాను, ఇన్వర్టర్, వీటన్నిటినీ మోసేవి హౌస్ బ్యాటరీలు. మా బండిలో ఉన్నవి ట్రోజన్ టీ-105లు, 6 వోల్టుల లెడ్ యాసిడ్ గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు నాలుగు. రెండేసి సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, ఆ రెండు జతలు ప్యారలల్‌లో, మొత్తం 450 యాంప్ అవర్లు. కాగితం మీద 450 గానీ సగం కంటే కిందకి దించకూడదు కాబట్టి చేతికొచ్చేది 225 అనుకోండి. ఒక్కోదానికి మూడు సెల్స్, అంటే మూత తీసి చూడాల్సినవి 12.

ఇండియాలో ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. తెనాలిలో మా ట్యూబులర్ బ్యాటరీకి ప్రతి సెల్ మీదా చిన్న ఫ్లోట్ ఉండేది, అది ఎర్ర గీత దాకా దిగిందంటే నాన్న డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెప్పించి పోసేవారు. ఈ గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలకి ఫ్లోట్ ఉండదు, టార్చ్ వేసి లోపలికి తొంగి చూడాల్సిందే, పైగా కొన్ని బళ్ళల్లో వీటిని ఎక్కే మెట్ల కింద ఇరికించి పెడతారు, వెనక వరస మూతలు అందాలంటే నేల మీద పడుకోవాలి. అందదు కాబట్టి ఎవరూ చూడరు, చూడరు కాబట్టి నీళ్ళు తగ్గి లోపలి సీసం ప్లేట్లు ఎండుతాయి. ప్లేటు ఒకసారి నీళ్ళలోంచి బయటపడి ఎండిందంటే ఆ భాగం పోయినట్టే, తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా తిరిగి రాదు.

పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ ఫుల్ ఛార్జ్ అయ్యాకే. ఛార్జ్ అవుతున్నప్పుడు లోపల యాసిడ్ ఉబ్బుతుంది, ముందే నిండుగా పోస్తే అది మూతల్లోంచి పొంగి ట్రేనీ కేబుల్ చివర్లనీ తినేస్తుంది, అలా బయటికి పోయిన యాసిడ్ బదులు మళ్ళీ మనం పోసేది నీళ్ళే కాబట్టి ఆ సెల్ పల్చబడిపోతుంది. అలాగని యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయొద్దు. ఛార్జింగ్‌కి ముందే ప్లేట్లు బయటికి కనబడుతుంటే అవి మునిగేదాకా మాత్రం పోసి, ఛార్జ్ అయ్యాక మిగతాది పోయండి.

ఎంత పోయాలి అంటే, మూత తీయగానే లోపలికి పొట్టి గొట్టంలా దిగిన ప్లాస్టిక్ కనిపిస్తుంది, దాని అడుగు అంచుకి 3 మిల్లీమీటర్లు కిందే ఆపాలి. టార్చ్‌ని కొంచెం పక్కగా పట్టుకుంటే నీళ్ళ మీద వెలుగు చిన్న చుక్కలా ఊగుతుంటుంది, నీళ్ళు అంచుకి తగలగానే ఆ చుక్క సాగిపోయి గొట్టం చుట్టూ అతుక్కుంటుంది, అంటే ఎక్కువైపోయినట్టే. నిండగానే దానంతటదే ఆగిపోయే నాజిల్ ఉన్న ఫిల్లర్ జగ్గు దొరుకుతుంది, చవకే, తప్పకుండా కొనుక్కోండి. చేయి అసలు దూరని బళ్ళకైతే ప్రో-ఫిల్ లాంటి కిట్ బిగించుకుంటే బయట నుంచే ఒక్క పైపుతో అన్ని సెల్స్‌కీ పోయొచ్చు. ఒకటే ఇబ్బంది, దాంతో ఏ సెల్ ఎంత తాగిందో తెలియదు. నాకు ఆ లెక్కే ముఖ్యం.

ఎందుకంటే, అన్ని సెల్స్ సమానంగా, కొద్దికొద్దిగా తాగుతుంటే అంతా బాగున్నట్టు. అన్నీ కలిసి విపరీతంగా తాగుతుంటే సాధారణంగా తప్పు బ్యాటరీది కాదు, బయట కరెంటుతో వాటిని ఛార్జ్ చేసే కన్వర్టర్‌ది. పాత కన్వర్టర్లు ఎప్పుడూ 13.6 వోల్టుల దగ్గరే పట్టుకుని కూర్చుంటాయి, ఫీనిక్స్ ఎండలో నెలల తరబడి కరెంటుకి గుచ్చి వదిలేస్తే నీళ్ళన్నీ ఆవిరే. కొత్త రకాలు బండి వాడకపోతే 13.2కి దిగిపోతాయి, ఎప్పుడూ కరెంటు మీదే ఉండే బండికి ఆ మార్పిడి ఖర్చు దండగ కాదు. ఒక్క సెల్ మాత్రమే పక్కవాటికంటే బాగా ఎక్కువ తాగుతుంటే దాన్ని అనుమానించండి.

అసలు తాగకపోతే? చాలామంది సంతోషిస్తారు, నాకైతే భయమేస్తుంది. చలికాలంలో అరిజోనాలో క్వార్ట్‌సైట్ దగ్గర లా పోసా ఎడారిలో హుక్‌అప్ (బయట కరెంటు కనెక్షన్) లేకుండా ఉండేవాళ్ళని చూస్తుంటాను, రాత్రంతా ఫర్నేస్ ఫ్యాను తిరుగుతుంది, పొద్దున్నే గంటసేపు జనరేటర్ వేసి చాల్లే అనుకుంటారు. లెడ్ యాసిడ్‌లో 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది, మిగతా 20 ఎక్కడానికి గంటలు పడుతుంది, ఆ చివరి భాగంలోనే గ్యాస్ వచ్చి నీళ్ళు తగ్గుతాయి. నీళ్ళు తగ్గట్లేదంటే బహుశా ఆ చివరి భాగానికి ఎప్పుడూ చేరట్లేదని. అలా రోజూ అరకొర ఛార్జింగ్‌తో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. సోలార్ ఉంటే కంట్రోలర్‌ని 14.7 వోల్టుల దాకా సెట్ చేసి మధ్యాహ్నమంతా పని చేయనివ్వండి.

దీన్ని హైడ్రోమీటర్‌తో, అంటే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపించే గొట్టంతో ఖాయం చేసుకోవచ్చు. నీళ్ళు పోయకముందే చూడాలి, పోసిన వెంటనే చూస్తే పైన తేలుతున్న నీళ్ళ రీడింగే వస్తుంది. ఫుల్ ఛార్జ్‌లో టీ-105కి 1.277 రావాలి, సగానికొస్తే 1.172, రెస్ట్‌లో ఉన్న బ్యాంకు వోల్టేజ్ అప్పుడు 12.1 చూపిస్తుంది. సెల్‌కీ సెల్‌కీ 0.030 కంటే ఎక్కువ తేడా ఉంటే ఈక్వలైజ్ చేయాలి, అంటే కావాలనే 15.5 వోల్టులు దాటించి కాసేపు మరగనివ్వడం. ముందు ప్లేట్లు మునిగి ఉన్నాయో లేదో చూసి, ఫ్రిజ్ బోర్డు, లైట్లు అన్నీ డిస్‌కనెక్ట్ చేయండి, అంత వోల్టేజ్‌కి అవి కాలిపోవచ్చు. వచ్చేది హైడ్రోజన్, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకి అంటుకుంటుంది. కాబట్టి కంపార్ట్‌మెంట్ తలుపు తెరిచి, సేఫ్టీ కళ్ళద్దాలు పెట్టుకుని, మూతలు బిగించే ఉంచి చేయండి. చేస్తున్నంతసేపూ గంటకోసారి హైడ్రోమీటర్ రీడింగ్ చూస్తూ, అది పెరగడం ఆగాక ఆపేయాలి.

"ఇంత బాధ ఎందుకన్నా, లిథియం వేయించెయ్" అంటాడు మా తమ్ముడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచిదే, నీళ్ళ గొడవ లేదు, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కానీ చాలా రకాల్ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, పాత కన్వర్టర్, ఆల్టర్నేటర్ వైరింగ్ కూడా చూసుకోవాలి. ఉన్నవి బాగున్నంతకాలం వీటినే బతికించుకుంటా.

చలి ప్రాంతాల్లో బండి ఆపేసి వదిలేవాళ్ళు ఫుల్ ఛార్జ్ చేసి డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపండి, గ్యాస్ డిటెక్టర్ లాంటివి డైరెక్ట్‌గా కలిసి ఉంటే బ్యాటరీల నెగటివ్ కేబుల్ కూడా తీసేయండి. పూర్తిగా డిశ్చార్జ్ అయిన బ్యాటరీ మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టి పగిలిపోతుంది.