మత్తు డాక్టర్ ఒక్కరే ఉంటే

తెలంగాణలో గోదావరి వైపు ఒక జిల్లా ఆస్పత్రిలో థియేటర్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నా. డాక్టర్ పోస్టుల నోటిఫికేషన్ అని పేపర్లో కనబడితే మొత్తం ఎన్ని పోస్టులని చూడను. అనస్తీషియా, అంటే ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టర్ల పోస్టులు ఎన్ని, మా వైపు ఎన్ని అని వెతుకుతా.

సిజేరియన్ అంటే అందరికీ గైనిక్ డాక్టరే గుర్తొస్తారు. కానీ ముందు గర్భిణిని కూర్చోబెట్టి, వీపు వంచి, గడ్డం ఛాతీకి ఆనేలా నేను భుజాలు పట్టుకునేదాన్ని. మత్తు డాక్టర్ నడుము దగ్గర వేలితో తడిమి సన్నటి సూది దింపేవారు. సూది చివర నీళ్లలాంటి చుక్క కనబడ్డాకే మందు ఎక్కించేవారు. ఆ తర్వాత బీపీ ఎప్పుడు పడిపోతుందో తెలియదు. కుట్లు పూర్తయ్యేదాకా ఆయన అక్కడి నుంచి కదలకూడదు. అంటే మత్తు డాక్టర్ ఒక్కరే ఉంటే ఒక్క టేబులే నడుస్తుంది. ఆయన సెలవు పెడితే అదీ లేదు.

గైనిక్ మేడం ఉండి, రక్తం ఉండి, ట్రే సర్దిపెట్టి కూడా 'వరంగల్‌కు రెఫర్' అని రాసి 108 ఎక్కించిన రాత్రులున్నాయి. "ఇంత పెద్ద దవాఖానల చేసేటోళ్లు లేరా బిడ్డా?" అని ఆ అమ్మాయి తల్లి నా చెయ్యి పట్టుకుంటే, ఉన్నారని చెప్పలేక, లేరని చెప్పలేక నలిగిపోయేదాన్ని. ఆ కేసులు వరంగల్‌లోని సీకేఎం ప్రసూతి ఆస్పత్రికో, హన్మకొండ ప్రసూతి ఆస్పత్రికో చేరేవి.

2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాల, మహబూబాబాద్‌లో మెడికల్ కాలేజీలొచ్చాయి. మరుసటేడు భూపాలపల్లి, జనగామ, నిర్మల్, ఆసిఫాబాద్; 2024లో ములుగు, నర్సంపేట. మన పిల్లలకు సీట్లు పెరిగాయి, సంతోషమే. కానీ ప్రొఫెసర్లు ఏడాదిలో తయారుకారు. మూడేళ్ల పీజీ, ఆపై సాధారణంగా సీనియర్ రెసిడెంట్‌గా ఏడాది చేస్తేగానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేరు. ప్రొఫెసర్ కావాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. మత్తు డాక్టర్లతో సహా ఉన్న సీనియర్లనే అన్ని కాలేజీలూ పంచుకోవాలి. బోధన వైద్యుల రిటైర్మెంట్ వయసును 2019లో 65కు పెంచినా కొరత తీరలేదు.

మత్తు డాక్టర్‌కు సొంత క్లినిక్ అక్కర్లేదు. సిటీలో నాలుగు ప్రైవేటు ఆస్పత్రులు తిరిగితే కేసుకింత అని వస్తుంది. సర్కారులో కొత్తగా చేరేవాళ్లకు 2022లో ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించారు. నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఒక్కరినే వేసి రాత్రీ పగలూ కాల్ డ్యూటీ అంటే ఎవరుంటారు? నాతో చేసిన ఒక సార్ అన్నం తినేటప్పుడూ ఫోన్ కంచం పక్కనే పెట్టుకునేవారు. రాత్రంతా కేసులు చేసి, పొద్దున మళ్లీ థియేటర్ లిస్టుకు వచ్చేవారు. చివరికి రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే నేననేది, మత్తు డాక్టర్లను ఒక్కొక్కరిగా వేయకండి. రాత్రులు వంతులు వేసుకునేలా ఆస్పత్రికి కనీసం ముగ్గురుండాలి. ఆవరణలోనే క్వార్టర్ ఇవ్వాలి, ఇన్నేళ్లు చేస్తే బదిలీ అని ఆర్డర్‌లోనే రాసివ్వాలి. మొత్తానికి ముగ్గురే దొరికితే మూడు ఊళ్లకు పంచకుండా ఒక్క ఆస్పత్రిలోనే వేయండి. ఆ ఒక్క థియేటరైనా రాత్రంతా నడుస్తుంది. నొప్పులొచ్చిన మనిషిని నేరుగా ఎక్కడికి తీసుకెళ్లాలో 108 వాళ్లకు ముందే తెలుస్తుంది.