ఎల్‌పీఐసీ-2 ప్రిపరేషన్: కంపైల్ చేసిన కెర్నెల్ ఎక్కడికెళ్తుంది?

లైనక్స్ అడ్మిన్ సర్టిఫికేషన్ ఎల్‌పీఐసీ-2లోని 201 పేపర్‌లో 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. కెర్నెల్ కంపైలేషన్ టాపిక్ వెయిటేజీ 3. కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లుండవు, కమాండ్ మీరే టైప్ చెయ్యాలి. అందుకని "మేక్ ఇన్‌స్టాల్ కొడితే అయిపోతుంది" అనుకుంటే చాలదు. వర్చువల్ మెషీన్‌లో స్నాప్‌షాట్ తీసుకుని, మొదటిసారి అన్నీ చేత్తోనే చెయ్యండి. సెక్యూర్ బూట్ (సంతకమున్న కెర్నెళ్లనే బూట్ కానిచ్చే రక్షణ) ఆపెయ్యండి, లేదంటే సంతకం లేని మీ కెర్నెల్‌ని బూట్ కానివ్వదు.

మేక్ పూర్తయ్యాక రూట్‌గా ముందు కొట్టాల్సింది మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్. మాడ్యూళ్లు (డ్రైవర్ల లాంటి, అవసరమైనప్పుడు కెర్నెల్‌లోకి లోడయ్యే ముక్కలు) /లిబ్/మాడ్యూల్స్ కింద వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో చేరతాయి. ఏ మాడ్యూల్ దేని మీద ఆధారపడుతుందో జాబితా రాసే డెప్‌మాడ్ దానంతట అదే నడుస్తుంది. తర్వాత /బూట్‌లోకి మూడు కాపీలు: ఆర్చ్/ఎక్స్86/బూట్‌లోని బీజెడ్‌ఇమేజ్‌ని వీఎంలైనజ్-వెర్షన్ పేరుతో, దాని పక్కనే సిస్టమ్.మ్యాప్ (కెర్నెల్ సింబళ్ల పట్టిక), .కాన్ఫిగ్ (మీరు ఎంచుకున్న సెట్టింగులు). బీజెడ్ అంటే బిగ్ జెడ్‌ఇమేజ్. బీజిప్2 అన్న ఆప్షన్ కనిపిస్తే అది ఎర.

తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, అంటే అసలు డిస్క్ అందేలోపు కెర్నెల్ వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్. డెబియన్‌లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -సి -కె వెర్షన్, రెడ్‌హ్యాట్ వైపు డ్రాకట్. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. లోకల్ వెర్షన్‌లో (వెర్షన్ పేరు చివర మీరు తగిలించే తోక) "-ల్యాబ్" అని పెట్టుకుని, ఈ కమాండ్‌లో ఆ తోక మర్చిపోతారు. అప్పుడది లేని ఫోల్డర్ కోసం వెతుకుతుంది. మేక్ కెర్నెల్‌రిలీజ్ ఇచ్చిన పేరునే అక్షరం పోకుండా వాడండి. చివర్లో బూట్ మెనూ చూపే గ్రబ్‌కి కొత్త కెర్నెల్ తెలిసేలా డెబియన్‌లో అప్‌డేట్-గ్రబ్, రెడ్‌హ్యాట్‌లో గ్రబ్2-ఎంకెకాన్ఫిగ్ -ఓ.

బూట్ కాకపోతే స్క్రీన్ మీది మాటే ఆధారం. "అన్‌నోన్-బ్లాక్(0,0)" అని కెర్నెల్ ప్యానిక్ (కెర్నెల్ ముందుకెళ్లలేక ఆగిపోవడం) వస్తే చాలాసార్లు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అసలు లోడ్ కాలేదనే. అలా కాక ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లోపలి చిన్న షెల్ అయిన బిజీబాక్స్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే అది లోడయింది, కానీ లోపల డిస్క్ డ్రైవరో ఫైల్‌సిస్టమ్ మాడ్యూలో లేదు. మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ కంటే ముందే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని తయారు చేస్తే వచ్చే ఫలితం ఇదే.

ఇక ఆటోమేటిక్ పద్ధతి. మేక్ ఇన్‌స్టాల్ చేసేది తక్కువ, ఇన్‌స్టాల్‌కెర్నెల్ అనే స్క్రిప్టుని పిలుస్తుంది, అంతే. డెబియన్‌లో ఆ స్క్రిప్టు ఫైళ్లు కాపీ చేసి, /ఈటీసీ/కెర్నెల్/పోస్ట్‌ఇన్‌స్ట్.డి లోని స్క్రిప్టుల్ని నడుపుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, గ్రబ్, డీకేఎంఎస్ (బయటి మాడ్యూళ్లని కొత్త కెర్నెల్‌కి మళ్లీ కంపైల్ చేసేది) పనులన్నీ అక్కడివే. మాడ్యూల్స్_ఇన్‌స్టాల్‌ని మాత్రం మేక్ ఇన్‌స్టాల్ చెయ్యదు, ఆ వరుస మీరే పాటించాలి. ప్యాకేజీగా కావాలంటే మేక్ బిన్‌డెబ్-పీకేజీ మేలు, తీసెయ్యడం కూడా తేలిక.

/బూట్ వేరే పార్టిషన్ అయితే "నో స్పేస్ లెఫ్ట్" దెబ్బ తప్పకపోవచ్చు. డీబగ్ సమాచారం ఉన్న మాడ్యూళ్లతో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వందల ఎంబీలకు ఉబ్బుతుంది. మాడ్యూల్స్_ఇన్‌స్టాల్‌కి ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 జోడిస్తే మామూలు సైజుకొస్తుంది.

కంపైల్ చెత్తని ఊడ్చే మేక్ క్లీన్‌కీ మేక్ ఎంఆర్‌ప్రాపర్‌కీ తేడా కూడా చూసుకోండి: రెండోది మీ .కాన్ఫిగ్‌ని కూడా ఊడ్చేస్తుంది. /బూట్‌లో పెట్టిన కాపీ అప్పుడే అక్కరకొస్తుంది.