మూడు ఫోన్లు, మూడు ఇంజన్లు, మధ్యలో మా నాయన

కొత్త బొమ్మ రైలు ఇంజన్ని బల్ల మీది పట్టాల మీద పెట్టి ఫోన్లో స్పీడు కొంచెం పెంచానో లేదో, పక్క లైన్లో ఖాళీగా నిలబడున్న పాత ఇంజన్ కూడా కదిలింది. మా బుడ్డోడు చప్పట్లు కొడతా ఉండాడు, నాకేమో గుండె దడ, ఎందుకంటే పాతది పోతున్న వైపు పట్టా అయిపోయి బల్ల అంచు ఉండాది. చెయ్యి అడ్డం పెట్టి ఆపా.

తప్పు నాదే. మావి డీసీసీ ఇంజన్లు, అంటే ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చి డిజిటల్ ఆర్డర్లతో నడిపేవి. అవి ఫ్యాక్టరీ నుంచి మామూలుగా అడ్రస్ 3 తోనే వస్తాయి, పాతదాని నంబరు నేను మార్చనే లేదు. వీధిలో నిలబడి శీనా అని పిలిస్తే ఇద్దరు శీనులు వచ్చినట్టు, 3 అనగానే రెండూ బయల్దేరినాయి. ఆ రాత్రే ఒక్కోదాన్ని విడిగా ప్రోగ్రామింగ్ పట్టా (సెట్టింగులు మార్చే పట్టా) మీద పెట్టి, నంబరు దాచుకునే సీవీ1 అనే సెట్టింగులో నంబర్లు మార్చా. ఒకటి 3, ఇంకోటి 7, మూడోది 12.

తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. పాతకాలం బొమ్మ రైళ్లలో నాబ్ తిప్పితే పట్టాలో వోల్టేజీ మారతది, ఆ పట్టా మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ కలిసే పోతాయి. డీసీసీలో పట్టాలో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటది, మాది 14 వోల్టులు. ఆ కరెంటే అటూ ఇటూ తిరగబడతా ఆర్డర్లు మోస్తది, సగం తిప్పుకి 58 మైక్రోసెకన్లయితే 1 అని, 100 అయితే 0 అని లెక్క. ప్రతి ఇంజన్ కడుపులో ఉండే డీకోడర్ అనే చిన్న బోర్డు తన నంబరు వస్తేనే పలకతది. 1980ల్లో జర్మనీలో బెర్న్‌డ్ లెంజ్ చేసిన పని, 90ల్లో అమెరికా మోడల్ రైల్వే సంఘం దాన్ని స్టాండర్డ్ చేసింది.

మంచి కంపెనీ రిమోట్లు మూడు కొనాలంటే ఇంకో ఇంజన్ కొనుక్కోవచ్చు. అందుకని ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద పట్టాకి కరెంటిచ్చే మోటార్ షీల్డ్, ఒక వైఫై చిప్పు తెచ్చి, వాటిలో ఉచితంగా దొరికే డీసీసీ-ఈఎక్స్ అనే ప్రోగ్రాం ఎక్కించి, బీరువాలో పడున్న పాత ఫోన్లలో ఇంజన్ డ్రైవర్ యాప్ వేశా. స్క్రీను పగిలిన ఫోనైనా సరే, వాల్యూం బటన్లతో స్పీడు పెంచొచ్చు తగ్గించొచ్చు, కన్ను ఇంజన్ మీదే ఉంటది. నన్నడిగితే గాజు మీద వేలు జరపడం కంటే బో మేలు.

అసలు నాకు ముందునుంచి ఒక్క ఫోన్లోనే అన్ని ఇంజన్లూ నడపాలని ఉండేది. స్క్రీను మార్చుకుంటా ఒక్కణ్ణే మూడు బళ్లు తిప్పితే గొప్ప అనుకునేవాణ్ణి. మా నాయనకి అది నచ్చలా. ఆయన బిట్రగుంట రైల్వే షెడ్డులో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరైన మనిషి, కావలిలో మా మేడ మీద గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒక ఇంజన్‌కి ఒక డ్రైవరురా అబ్బయ్యా, నువ్వు మూడింటికి ఒకడివైతే మూడూ నీ మాట వినవు" అనేవాడు. నేను వినలా. 7ని స్టేషన్లో ఆపుదామని స్టాప్ నొక్కా, స్క్రీను మీద ఉండేదేమో 12. స్టేషన్లో ఆగాల్సింది ఆగకుండా పొయ్యి ముందున్న గూడ్సుకి తగిలింది, రెండు పెట్టెలు పట్టా తప్పినాయి, చక్రం అడ్డంపడి షార్టయ్యి మొత్తం లైను ఆగిపోయింది. ఇందులో ఇదొక తలనొప్పి, ఒకడు పట్టా తప్పితే అందరి బళ్లూ ఆగుతాయి.

సరే అని మనిషికో ఫోన్ ఇచ్చా. వెనకాల తెల్ల ప్లాస్టర్ అంటించి నంబరు రాశా. అప్పుడు వేరే గొడవలు మొదలు. బుడ్డోడు నడిపే 7 నంబరునే మా పాప తన ఫోన్లో కూడా కొట్టుకుంది, వాడికి తెలియదు. వాడు తగ్గిస్తాడు, ఈమె పెంచతది, ఎవరి ఆర్డర్ ఆఖరున వస్తే ఇంజన్ అదే వింటది. బండి తాగినోడి మాదిరి పోతా ఉంటే ఇద్దరూ నావైపు చూసి "నాన్నా, ఇంజన్ చెడిపోయింది" అని ఒకటే ఏడుపు.

ఇంకోసారి పొడుగాటి గూడ్సుకి ముందో ఇంజన్, వెనకో ఇంజన్ పెట్టాం, ముందుది నేను, వెనకది వాడు. నేను బండి కదిలించకముందే వాడు కదిలించాడు. వంపులో మధ్య పెట్టె రెండు వైపుల నుంచి నొక్కుడు పడి మెల్లగా పైకి లేచి పక్కకి ఒరిగింది. నాయన నవ్వలా. లేచి వచ్చి పెట్టెని పట్టా మీద పెడతా చెప్పాడు: రెండు ఇంజన్లుంటే ముందు డ్రైవర్ ఒక పొట్టి కూత వేస్తాడు, నేను రెడీ అని. సాయం ఇంజన్ డ్రైవర్ తిరిగి ఒక పొట్టి కూత వేస్తాడు. ఆ జవాబు వినపడిన తర్వాతే ఆవిరి వదిలే రెగ్యులేటర్ మీద చెయ్యి. ఇప్పుడంటే రెండు ఇంజన్లని కేబులుతో కలిపి ముందున్నోడే నడపతాడు, బొగ్గు ఇంజన్లకి అదేం లేదు, ఒకడి చెయ్యి ఇంకోడి చెవిని నమ్ముకోవాల్సిందే. డీసీసీలో కూడా కన్సిస్ట్ అని రెండు ఇంజన్లని ఒకే ఫోన్ కిందకి తేవచ్చు, నేనది చేద్దామంటే పిల్లలు ఒప్పుకోలా. నోటితో కూ అనడం వాళ్లకి బాగా నచ్చింది. మా వీధిలో సాయంత్రాలు ఈ కూతలే.

నాయన చేసిన ఇంకో పని టోకెన్. మా బల్ల మీద రెండు స్టేషన్ల మధ్య సింగిల్ లైను ఒకటుంది, గుద్దుళ్లన్నీ ఆడే. వాళ్ల రోజుల్లో సింగిల్ లైన్లో స్టేషన్లో ఉండే నీల్స్ టోకెన్ మిషన్‌లోంచి వచ్చిన గుండు చేతికందితేనే బండి కదిలేదని, దాన్ని సంచిలో పెట్టి పెద్ద రింగుకి తగిలిస్తే పోతున్న బండి మీంచే అందుకునేవాళ్లని చెప్పి, అమ్మ దగ్గర పాత గాజు ఒకటి అడిగి, దానికి గుడ్డసంచి కట్టి, అందులో సైకిల్ బేరింగ్ గోళీ వేశాడు. అది చేతిలో లేనోడు ఆ లైన్లోకి రాకూడదు. ఒకే గోళీ, కాబట్టి ఒకే బండి. ఆరోజు నుంచి గుద్దుకోలా, గాజు కోసం కొట్టుకోవడం మాత్రం ఉంది.

సొంత ఫోన్లు వద్దనేది అమ్మ వల్ల నేర్చుకున్నాం. 12 ఆమెకిచ్చినప్పుడు పాత ఫోన్ చార్జింగు లేక ఆమె ఫోన్లోనే యాప్ వేశా. బండి ఫుల్ స్పీడులో ఉండగా ఒంగోలు నుంచి మా పిన్ని ఫోను. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ఆ చెప్పవే" అని వంటింటివైపు నడిచింది, ఇంజన్ తిరగతానే ఉంది, నేను మెయిన్ స్విచ్ దాకా పరిగెత్తా. ఇప్పుడు ఆమెకి సిమ్ లేని ఫోన్ ఒకటి విడిగా ఉంది, దాన్ని పోపులపెట్టె పక్కన పెట్టుకుంది. నాయన సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆమెని ఒక్కసారి కూడా ఇంజన్ ఎక్కనియ్యలేదంట, రూలు ఒప్పుకోదని. నిన్న ఆయన 12 ని కాసేపు నడుపుతా ఇవ్వమని అడిగితే ఈమె కూడా రూలే చెప్పింది.