ఇంజన్ మార్చాక పట్టేసింది: మారుతి 800తో నా అనుభవం

పాత మారుతి 800 ఇంజన్ దించేసి, ఆటోనగర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ ఇంజన్‌ని ఇంటి దగ్గరే ఎక్కించాను. అదీ 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8బీ మోడలే, కార్బురేటర్‌దే. (కార్బురేటర్ బండికి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) ఇంజన్ తెస్తే వైరింగు, దాన్ని నడిపే కంప్యూటరు ఈసీఎం, పెట్రోలు పంపు అన్నీ మార్చుకోవాలి. ఆ జోలికి పోవద్దు.) అంతా బిగించి సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు, లైట్లు మసకబారాయి, అంతే.

చూడ్డానికి వచ్చినవాళ్లు చెప్పే మొదటి మాట "సీజయింది" (లోపల పట్టేసింది), రెండోది "గేర్లో వేసి తోద్దాం". ఆ రెండో మాట మాత్రం వినకండి. లోపల ఏది అడ్డం పడిందో తెలియకుండా బండి బరువంతా దానిమీద వేస్తే పిస్టన్ రింగు విరగొచ్చు, వాల్వు వంగొచ్చు. సెల్ఫ్ కూడా పదేపదే కొట్టొద్దు, మోటారు కాలుతుంది.

ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి. మల్టీమీటర్ బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. వోల్టేజి 12 పైనే నిలబడితే మోటారుకు కరెంటే అందట్లేదన్నమాట. ఇంజన్ మార్చినప్పుడు ఎక్కువమంది తగిలించడం మర్చిపోయేది ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ; అది లేకపోయినా అచ్చం సీజయినట్టే ఉంటుంది. అలాకాక 9 కిందికి పడిపోతే మోటారు కరెంటు గుంజుతోంది గానీ తిరగలేకపోతోంది. నాది 12.6 నుంచి 8.8కి పడింది. అదే బ్యాటరీ పక్కింటి కారును ఇట్టే తిప్పింది కాబట్టి దానిమీద అనుమానం పోయింది.

తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, మూడు ప్లగ్గులూ విప్పాను. పుల్లీ వైపు చక్రం తీస్తే క్రాంక్ పుల్లీ బోల్టు అందుతుంది. దానికి సాకెట్ తగిలించి టామీ రాడ్డుతో తిప్పి చూడాలి. చెయ్యి చెప్పేదాన్నిబట్టి సగం జబ్బు ఇక్కడే తెలిసిపోతుంది. ప్లగ్గులు తీయగానే తిరిగి, రంధ్రాల్లోంచి నీళ్లో పెట్రోలో చిమ్మితే అది సీజు కాదు, సిలిండర్లో ద్రవం నిండి ఆగింది. కొంతదూరం హాయిగా తిరిగి ఠక్కున ఆగి, వెనక్కి తిప్పితే మళ్లీ ఒకచోట ఠక్కున ఆగితే ఇనుముకు ఇనుము తగులుతోంది: వాల్వు, లోపల పడిన నట్టు, లేదా ఇంజన్ చివర తిరిగే పెద్ద చక్రం, ఫ్లైవీల్‌కి తగులుతున్న పొడుగు బోల్టు. అసలు కదలకుండా, రాడ్డు మాత్రం స్ప్రింగులా వంగి వెనక్కి వస్తే తుప్పు, లేదంటే బేరింగు పట్టేయడం. నాది ఈ మూడో రకం.

అయినా ఇంజన్ విప్పేముందు బయట పట్టుకునేవాటిని ఒక్కొక్కటే తప్పించాలి. బెల్టు తీశాను, ఆల్టర్నేటర్ హాయిగా తిరుగుతోంది. సెల్ఫ్ మోటార్ తీశాను. దాని పళ్లు రింగు గేరులో (ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్లలో) ఇరుక్కుంటే కూడా ఇలాగే ఉంటుంది. మార్పు లేదు. ఇక మిగిలింది గేర్‌బాక్స్. హౌసింగ్ బోల్టులన్నీ వదులు చేసి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వచ్చేదాకా జరిపాను. సందు రాగానే ఇంజన్ వదిలితే తప్పు అతుకు దగ్గరే: మధ్యలో ఉండే రేకు వంగి ఫ్లైవీల్‌ని రాసుకోవడం, క్లచ్ ప్లేటు సెంటర్ కుదరకపోయినా బోల్టులతో బలవంతంగా లాగేయడం, రెంటినీ సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు పాత ఇంజన్‌వి గేర్‌బాక్స్‌లోనే ఉండిపోయి రెండు జతలు కావడం. ఆ సందు చేత్తో నెడితే మూసుకోవాలి. మూసుకోకపోతే బోల్టుతో లాగకూడదు, అల్యూమినియం చెవులు పగులుతాయి. ఆటోమేటిక్ బండ్లలో ఇంకో ప్రమాదం: క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ చివరిదాకా కూర్చోకుండా బిగిస్తే ఇంజన్ పట్టేయడమే కాదు, గేర్‌బాక్స్ పంపు కూడా పోతుంది.

నాది సందు ఇచ్చినా కదల్లేదు. అంటే లోపలే.

బేరింగా తుప్పా తేల్చడానికి డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిలు తెల్లటి పళ్లెంలోకి పట్టాను. బేరింగు అరిగి పట్టేస్తే అడుగున మెరిసే పొడి ఉంటుంది, అది చాలావరకు అయస్కాంతానికి అంటదు. అది కనిపిస్తే ఈ కింద చెప్పేవేవీ చెయ్యకండి. చాంబరు (ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) దించి క్రాంక్‌ని లేత్ షాపుకి తీసుకెళ్లడమే. నా ఆయిలు నల్లగా ఉందిగానీ పొడి లేదు. ఫోనుకు తగిలించే సన్న కెమెరాని ప్లగ్గు రంధ్రంలోంచి దించితే ఒకటి, రెండు సిలిండర్లు శుభ్రంగా ఉన్నాయి. మూడోదాంట్లో పిస్టన్ అంచు పొడవునా ఇటుకపొడి రంగులో గీత.

తప్పు నాదే. కొన్నప్పుడు చేత్తో తిప్పి చూసుకున్న ఇంజనే అది. వానాకాలం నాలుగు నెలలు షెడ్డులో పడుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీసేసిన పోర్టులకు గుడ్డలు కుక్కలేదు. మూడు సిలిండర్ల ఇంజన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరిచే ఉంటుంది. మూడోదాంట్లో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉండటంతో చెమ్మ నేరుగా బోరులోకి (పిస్టన్ కదిలే గొట్టంలోకి) దిగింది. ఎక్కించేముందు ఒక్కసారి తిప్పి చూసినా నేలమీదే తెలిసిపోయేది.

మందు ఏమిటంటే, అసిటోన్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిలు) సమపాళ్లలో. అసిటోన్ పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. రెండూ బాగా కలవవు, పోసే ముందు ప్రతిసారీ సీసా కుదపాలి. ఒక్కో సిలిండర్లో 30 మిల్లీలీటర్లు పోసి, ప్లగ్గులు వదులుగా పెట్టాను. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో బీడీ, గ్రైండరు ఏవీ ఉండకూడదు. ఆవిరైపోతుంది కాబట్టి ఉదయం సాయంత్రం కొద్దిగా పోస్తూ మూడు రోజులు వదిలేశాను.

నాలుగో రోజు పుల్లీ మీద, పక్కన బాడీ మీద సుద్దతో ఒకే గీత గీశాను. పుల్లీ బోల్టుని వెనక్కి తిప్పితే ఊడుతుంది, ముందుకు మరీ బలంగా లాగితే తెగుతుంది. అందుకని సెల్ఫ్ మోటార్ ఉండే రంధ్రంలోంచి ఫ్లైవీల్ పళ్లకు ప్రై బార్ (మీటే ఇనుప కడ్డీ) పెట్టి, హౌసింగ్ పగలకుండా కింద చెక్కముక్క వేసి నెట్టాను. ఫ్లైవీల్ వ్యాసం పెద్దది, తక్కువ బలానికే ఎక్కువ పని జరుగుతుంది. కిర్రుమని సన్న చప్పుడు. సుద్దగీత రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. ఇక్కడ ఉత్సాహపడి ఒక్కసారే తిప్పేస్తే తుప్పు పలుకులు బోరును గీరేస్తాయి. రెండు మిల్లీమీటర్లు ముందుకి, అంతే వెనక్కి, మళ్లీ కాస్త మందు, మళ్లీ అంతే. పూర్తి చుట్టు రావడానికి గంటన్నర పట్టింది. ఈ లోపల ట్యాపెట్ కవర్ తీసి వాల్వులన్నీ లేచి దిగుతున్నాయో లేదో చూశాను. గైడులో తుప్పుపట్టి కిందే ఉండిపోయిన వాల్వుంటే అక్కడే ఆగి హెడ్డు దించాలి.

తిరుగుతోంది కదా అని వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు. మందు రింగుల పక్కనుంచి చాంబర్లోకి దిగుతుంది, అందుకే ముందే డ్రెయిన్ చేసినా మళ్లీ విప్పి కార్చాను. ఫిల్టరు కొత్తది వేసి, రెండున్నర లీటర్ల ఆయిలు పోసి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ కలిపాను. సెల్ఫ్ మోటార్, హౌసింగ్ బోల్టులు బిగించి, కాయిల్ వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండానే పదేసి సెకన్లు, మధ్యలో అర నిమిషం ఆపుతూ, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా సెల్ఫ్ కొట్టాను. రంధ్రాల మీద గుడ్డ కప్పి దూరంగా నిలబడండి, మిగిలిన మందు పిచికారీలా చిమ్ముతుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ చూస్తే ఒకటి, రెండు సిలిండర్లు చదరపు సెంటీమీటరుకు 11.5 కిలోల దగ్గర, మూడోది 8. దాంట్లో ఒక చెంచా ఆయిలు పోసి చూస్తే 10కి లేచింది. ఆయిలుకు లేచిందంటే లోపం రింగుల్లో, లేవకపోతే వాల్వుల్లో. స్టార్టయ్యాక పావుగంట తెల్లపొగ వచ్చి తగ్గింది. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కి ఒకసారి ఆయిలు మార్చాను. మూడో సిలిండరు 10.2 దగ్గర నిలిచింది. 8 దగ్గరే ఉండిపోయి ఆయిలు తాగుతుంటే మాత్రం హెడ్డు దించి బోరును గోటితో గీరి చూడాలి. గుంటకు గోరు తగిలితే రీబోరే, అంటే బోరును కోసి పెద్దది చేయించడమే.

ఇంజన్ నంబరు మారింది కాబట్టి ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. కొన్న బిల్లు జాగ్రత్త.