కాగితం ఇచ్చి పంపితే వ్యాయామం నేర్పినట్టేనా? – నా అనుభవం

నిన్న ఫిజియోథెరపిస్ట్ మళ్ళీ పరీక్షించి, నా కటి కండరాల (మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాల) బలం 5కి 4 ఉందన్నారు. మొదట్లో అది 2. ఇప్పుడు దగ్గినా తుమ్మినా మూత్రం లీకై బట్టలు తడవడం లేదు. సంతోషంగానే ఉంది, కానీ అంతకన్నా కోపంగా ఉంది. ఇది ఎప్పుడో తగ్గాల్సిన సమస్య.

కాన్పుల తర్వాత మొదలైంది. మొదట గట్టిగా నవ్వితే రెండు చుక్కలు పడేవి. తర్వాత గబగబా మెట్లు దిగినా, చివరికి పిల్లని ఎత్తుకున్నా లీక్ అయ్యేది. బయటికి వెళ్ళాలంటే ప్యాడ్, ముదురు రంగు బట్టలు, బాత్రూం ఎక్కడుందో ముందే కనుక్కోవడం. ఆస్పత్రికి వెళ్తే యూరిన్ టెస్ట్ చేశారు, ఇన్‌ఫెక్షన్ లేదు. దగ్గినప్పుడు పొట్టలో పెరిగే ఒత్తిడికి మూత్రనాళం మూసుకుని ఉండలేకపోతోందని, దీన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారని చెప్పారు. ఇంతవరకూ వాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాతే మొదలైంది. "పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలే అమ్మా, కీగల్స్ చెయ్యండి" అన్నారు డాక్టర్, చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే. అవి కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలట. ఎలా చెయ్యాలని అడిగితే కౌంటర్‌లో కాగితం ఇస్తారన్నారు. కౌంటర్ దగ్గర జనం నిండా ఉన్నారు. అక్కడి అమ్మాయి గట్టిగా "యూరిన్ లీకేజీ పేషంట్ ఎవరండీ?" అని పిలిచింది. తలలన్నీ తిరిగాయి. లేచి వెళ్ళి ఆ కాగితం తీసుకోవడానికి నాకెంత ధైర్యం కావాల్సి వచ్చిందో మాటల్లో చెప్పలేను. మనిషిని జబ్బు పేరుతో నలుగురిలో పిలిచే హక్కు ఎవరికీ లేదు.

కాగితంలో ఏముంది? "కటి కండరాలను బిగించండి. 10 సెకన్లు పట్టి ఉంచండి. వదలండి." అంతే. ఏ కండరాలు, ఎటు బిగించాలి, బిగిసిందని ఎలా తెలుస్తుంది? ఒక్క ముక్క లేదు. ఆ అమ్మాయిని అడిగితే "మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపండి, రోజూ అలా చేస్తే చాలు" అంది. అలా రోజూ చేయకూడదని నాకు తర్వాత తెలిసింది. కండరం ఎక్కడుందో గుర్తుపట్టడానికి ఒకసారి ఆపి చూడొచ్చు. దాన్నే వ్యాయామంగా పెట్టుకుంటే మూత్రం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోవచ్చు.

కాగితంలో ఉన్నట్టే నెలల తరబడి చేశాను. లీకేజీ తగ్గకపోగా పెరిగింది. తిరిగి వెళ్తే "శ్రద్ధగా చేస్తే తగ్గేది" అని, ఆపరేషన్ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేనెలా చేస్తున్నానో ఒక్కరైనా చూశారా? చూడకుండా శ్రద్ధ లేదని ఎలా తేల్చేస్తారు? ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఇక ఆ గుమ్మం తొక్కలేదు.

ఆడవాళ్ళ కటి సమస్యలు చూసే ఫిజియోథెరపిస్ట్ ఉంటారని తెలిసినావిడ చెబితే వెళ్ళాను. ఆవిడ ముందు తలుపు వేశారు. కటి ఎముకల బొమ్మ చూపించి, ముందున్న ఎముక నుంచి వెనక తోకఎముక దాకా ఈ కండరాలు ఎలా పరుచుకుని ఉంటాయో, మూత్రాశయాన్నీ గర్భసంచినీ పేగు చివరి భాగాన్నీ ఎలా మోస్తాయో చెప్పారు. గ్లవ్స్ వేసుకుని యోనిలో వేలు పెట్టి చూడాల్సి ఉంటుందని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని, మధ్యలో ఎప్పుడు ఆపమన్నా ఆపేస్తానని చెప్పారు. సరేనన్నాను.

"బిగించండి" అన్నారు. బిగించాను. "మీరు కిందికి ముక్కుతున్నారు. ఊపిరి కూడా బిగబట్టారు" అన్నారు.

ఇన్ని నెలలూ నేను చేసింది అదే. లోపలికి, పైకి లాగాల్సిన కండరాన్ని రోజూ బయటికి తోస్తూ వచ్చాను. ఇది మీ ఒక్కరికే కాదన్నారావిడ. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో 47 మంది ఆడవాళ్ళకు క్లుప్తంగా నోటిమాటతో చెప్పి చేయిస్తే సరిగ్గా బిగించినవాళ్ళు సగం మందే. నాలుగో వంతు మంది చేసిన తీరు లీకేజీని ఇంకా పెంచేలా ఉంది. అసలు ఈ వ్యాయామాలకు పేరిచ్చిన ఆర్నాల్డ్ కీగల్ 1948లో వీటి గురించి రాసినప్పుడే, యోనిలో పెట్టి బిగువెంతో ముల్లు మీద చూపించే పరికరంతో కలిపి నేర్పాడు. ఆయన పేరు వాడుకుంటూ మనకు మాత్రం కాగితం ముక్క ఇస్తున్నారు!

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచాను. గ్యాస్ రాకుండా ఆపుకున్నట్టు వెనక ద్వారం బిగించి, ఆ బిగువును అలాగే ముందుకు మూత్రద్వారం దాకా తెచ్చి, లోపలికి పైకి లాగమన్నారు. పిరుదులు, తొడలు, పొట్ట వదులుగా ఉండాలి. ఊపిరి ఆగకుండా పైకి అంకెలు లెక్కపెట్టించారు. కొన్నిసార్లు తప్పాక ఆవిడ "ఇదిగో, ఇదే! ఇప్పుడు వేలు లోపలికి వెళ్ళింది" అన్నారు. చాలా చిన్న కదలిక. అంత చిన్నదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను అంత బలం పెట్టి ముక్కేదాన్నే కాదు.

మొదట మూడు సెకన్లు బిగించి, మళ్ళీ అంతేసేపు పూర్తిగా వదిలేయాలి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. అలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు. తర్వాత మెల్లగా 10 సెకన్లకు పెంచి, చివర్లో చకచకా బిగించి వదలడం కలిపారు. పడుకుని చేయడం వచ్చాక కూర్చుని, ఆపైన నిలబడి చేశాను. కనీసం 3 నెలలు చేయకుండా ఫలితం గురించి ఆలోచించవద్దని ముందే చెప్పారు. ఇంట్లో చిన్న అద్దం పెట్టుకుని చూసుకోండి. యోనికీ మలద్వారానికీ మధ్య చర్మం లోపలికి వెళ్ళాలి. బయటికి ఉబ్బితే ఆపేసి ఎవరికైనా చూపించుకోండి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం దగ్గు వచ్చే క్షణం ముందే బిగించడం. బరువెత్తే ముందూ అంతే. అలవాటయ్యాక తలుచుకోకుండానే ఆ బిగువు పడుతుంది.

లీక్ అవుతుందని నీళ్ళు మానేయకండి. మూత్రం చిక్కబడితే మూత్రాశయం ఇంకా చిరాకు పడుతుంది. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని చూసుకోండి, ముక్కితే ఈ కష్టమంతా వృథా. కటి భాగంలో నొప్పి ఉన్నవాళ్ళు సొంతంగా బిగించడం మొదలుపెట్టొద్దు. కొందరికి ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి, వాళ్ళు మొదట వదలడం నేర్చుకోవాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే వ్యాయామాల సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నాకు ఉన్నట్టుండి అర్జంటుగా మూత్రం వచ్చే ఇబ్బంది ఇంకా కొంచెం ఉంది. దానికి ఎంత తాగానో, ఎప్పుడు ఎంత పోశానో 3 రోజులు రాసుకుని రమ్మన్నారు. కొలత గ్లాసు, నోటు పుస్తకం బాత్రూంలో పెట్టేశాను. రేపటి నుంచి అదీ మొదలు.